అమ్మ ఫొటోకి వేసిన తాళం

మా కాలేజీలో నాకున్న గుర్తింపంతా ఒక్క పరిశోధన పేపర్ వల్ల వచ్చింది. ఫొటోను ఎవరూ చూడలేని చుక్కల ముద్దగా మార్చి, తాళంచెవిలాంటి కొన్ని అంకెలు తెలిసినవాళ్లే మళ్లీ తెరుచుకునే పద్ధతి ఒకటి కనిపెట్టి రాశాను. దాన్ని ఇప్పటికీ ఎవరెవరో తమ పేపర్లలో ఉదహరిస్తుంటారు. అలా ఉదహరించినప్పుడల్లా నాకొక మెయిల్ వస్తుంది. ప్రిన్సిపాల్ దాన్ని మీటింగులో చదివి, పరిశోధన ప్రభావం అంటే ఇదీ అని మిగతావాళ్లకి చురకలు వేస్తారు. ఆ మెయిల్ చూస్తే ఇప్పుడు నాకు ఒళ్లు మండుతుంది.

ఆ పేపర్ కోసం నేను వాడింది అమ్మ ఫొటో. మా రంగంలో అందరూ అవే పాత బొమ్మల మీద ప్రయోగాలు చేస్తారు, వాటిని చూసీ చూసీ విసుగెత్తిపోయింది. అరకు పైన మా ఊళ్లో, కాఫీ గింజలు ఆరబోసిన కళ్లంలో తీసిన ఫొటో అది. మామూలుగా ఫోన్ ఎత్తితే చాలు, అమ్మ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకునేది. ఆ రోజు గింజల మీదకొచ్చిన కోడిని అదిలించబోయి, జారి, ఎలాగో నిలదొక్కుకుని, నా వైపు చూసి నవ్వింది. అమ్మ నవ్వు దొరికిన ఫొటో అదొక్కటే.

ముఖం కనిపించే బొమ్మ వద్దని పేపర్ అచ్చేసిన పత్రికవాళ్లు తీయించేశారు. అచ్చులో మిగిలినవి రెండు: తాళం వేసిన బొమ్మ, తప్పు తాళంచెవితో తెరవబోయిన బొమ్మ. రెండూ బూడిదరంగు చుక్కలే. ఆ పేజీ చూపిస్తే, "ఇందులో నానెక్కడున్నానే గుంటా?" అంది అమ్మ. లోపలున్నావన్నాను. నమ్మేసింది. సంతలో మిరియాలు అమ్ముతూ కూడా తన బొమ్మ పుస్తకంలో పడిందని చెప్పుకునేదట.

అసలు ఫొటోను నేనే తుడిచేశాను, ఫోన్‌లోదీ, ల్యాబ్ కంప్యూటర్‌లోదీ కూడా. బయటివాళ్లకి పిచ్చిపనిలా కనిపిస్తుంది గానీ మా రంగంవాళ్లలో ఈ పొగరు మామూలే. తాళం వేసిన ఫైలు నా దగ్గరుంది, అంకెలు కంఠతా వచ్చు, ఇంక అసలుదెందుకు? నా పద్ధతిని నేనే నమ్మకపోతే ఇంకెవరు నమ్ముతారు అనుకున్నాను.

మొన్న వానల్లో అమ్మ జ్వరంతో పోయింది. దినం దగ్గరపడుతుండగా అన్న ఫోన్ చేశాడు. "అమ్మ నవ్విన పొటో నీ కాడుందని అందరికీ సెప్పీది సెల్లీ. ప్లెక్సీ మీద అదే ఏయిద్దాం. బేగి పంపు."

ఫైలు తెరిచి అంకెలు కొట్టాను. చుక్కలొచ్చాయి. తప్పు కొట్టానేమోనని మళ్లీ కొట్టాను. మళ్లీ చుక్కలే. కారణం నాకు వెంటనే తట్టింది. ఈ పద్ధతిలో ఒక లెక్క జవాబు మీద ఇంకో లెక్క నడుస్తుంది. దశాంశాల చివర వెంట్రుకవాసి తేడా ఉన్నా పోనుపోను మొత్తం మారిపోతుంది. దాని బలమే అది. మా పాత ల్యాబ్ కంప్యూటర్ ఆ చివరి అంకెను సర్దే తీరు వేరు, ఇప్పటి కంప్యూటర్ల తీరు వేరు. ఆ పాతదాన్ని కాలేజీ ఎప్పుడో తుక్కు కింద పంపేసింది.

అలాంటి కంప్యూటర్లు ఎక్కడెక్కడో వెతికించి ప్రయత్నించాను. నాకన్నా తెలిసినవాళ్ల కాళ్లావేళ్లా పడ్డాను. ఏదీ కుదరలేదు. అమ్మను మట్టి చేసిన రోజు కూడా నేను అంత ఏడవలేదు.

దినం నాటికి కిరండూల్ రైలుబండిలో అరకు వెళ్లాను. ఫ్లెక్సీ మీద ఆధార్ కార్డులోని అమ్మ ఉంది. ఎవరో గద్దించినట్టు బిగుసుకుపోయిన ముఖం. అన్న నన్ను పక్కకి పిలిచాడు.

"నువ్వేసిన తాళమే గదా సెల్లీ. నువ్వే తియ్యలేవా?"

తీయలేనన్నాను. తిట్టకుండానే వడ్డనకి వెళ్లిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేది.

భోజనాల బంతి సాగుతుండగా నా చేతిలో ఫోన్ మోగింది. మెయిల్. ఎవరో నా పేపర్‌ను ఉదహరిస్తూ, తాళంచెవి రవ్వంత మారినా ఈ పద్ధతిలో బొమ్మ తిరిగి రాదని మెచ్చుకున్నారు. వాళ్లు రాసింది అక్షరాలా నిజం. నాకన్నా ఎక్కువగా ఆ సంగతి తెలిసినవాళ్లు ఈ భూమ్మీద లేరు.

నా చేతిలో ఫోన్ చూసి, సంతలో అమ్మ పక్కన కూర్చుని పసుపు అమ్మే ముసలామె దగ్గరికొచ్చింది. మీ అమ్మ బొమ్మున్న పుస్తకమేదీ, ఒక్కసారి చూపించమంది. కాదనలేక ఫోన్‌లోనే పేపర్లోని ఆ పేజీ తెరిచి పట్టుకున్నాను. చాలాసేపు వంగి చూసింది.

"ఏదే మీయమ్మ?"

"లోపలుంది" అన్నాను.

ఆమె చేతులు కొంగుకి తుడుచుకుని, ఆ చుక్కలకి దండం పెట్టింది.