తాత తిరగేసిన ఒర

ఆముదం పట్టిన పాత తోలు వాసన తగిలితే నాకు ఇప్పటికీ తాతే గుర్తొస్తాడు. మొన్న బీరువా అడుగు నుంచి తాత కత్తిని ఒరతో సహా బయటికి తీస్తే ఇల్లంతా అదే వాసన. మా అబ్బాయి ఫోన్లో పెట్టిన ఫొటోలు చూసి, పాత మిలిటరీ కత్తులు సేకరించే ఒకాయన హైదరాబాదు నుంచి మార్కాపురం దాకా వచ్చి మా వరండాలో కూర్చున్నాడు.

తాత తెల్లదొరల పటాలంలో చేరి, బర్మా యుద్ధానికి పోయి, ఒక కుంటికాలితో, ఒక కత్తితో తిరిగొచ్చిన మనిషి. రాచర్ల నుంచీ, కనిగిరి నుంచీ కూడా జనం తమ ఇళ్ళల్లో దొరికిన కత్తుల్ని ఒరలతో సహా గోనెగుడ్డల్లో చుట్టుకొచ్చి, అసలువో సంతలో కొన్నవో చెప్పమని అడిగేవాళ్ళు. ఎండాకాలమైతే పందిరి కింద, చలికాలమైతే పొయ్యి పక్కన, జొన్నరొట్టె నములుతూ, తాత తీరుబడిగా పిడి తడిమి, కత్తిని దాని ఒరలోకి దింపి, తలకిందులు చేసి పట్టుకునేవాడు. ఒరకు తగ్గ కత్తయితే జారదు, జారిందంటే మారుకత్తి, అంతే, ఇక అప్పీలు లేదు. మా వీధి మరియమ్మవ్వ చనిపోయిన మొగుడి గుర్తుగా దాచుకున్న కత్తి అట్లాగే జారిపడితే, "ఇది పటాలం కత్తి కాదు మరియమ్మా" అని మొహానే చెప్పేశాడు. ఆమె ఏడుస్తూ పోయింది. మా అవ్వ తిట్టిపోసింది.

"కత్తి కాడ అబద్ధమాడితే ఇంక నా మాటకు విలువేముంది?" అన్నాడు తాత.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, క్రిస్మస్ ముందు, ఇంట్లో అరిసెల పాకం వాసన, చర్చి గోడలకు కొత్త సున్నం వాసన కమ్ముకున్న రోజుల్లో, తొక్కుడుబిళ్ళకు నున్నటి బిళ్ళ కావాలని తాత కత్తిని ఒరలోంచి లాగి పలకరాయి గనికి పట్టుకుపోయాను. రాతి పొరల మధ్య మొన దూర్చి ఎత్తితే బిళ్ళ అప్పడంలా లేచింది. రెండోది లేపుతుంటే చేయి జారి కత్తి గుంతలోని పచ్చటి నీళ్ళలో పడిపోయింది. ఇంటికొచ్చి ఏడుస్తూ చెబితే నాయన నన్ను కొట్టలేదు, అందుకే ఇంకా భయమేసింది. కంభంలో కమ్మరి దగ్గర కూర్చుని, గుర్తున్నంత మటుకు అట్లాంటిదే చేయించుకొచ్చాడు.

"ముసలాయనకు చూపు ఆనదు. పండగపూట గుండె పగిలిపోతాది. నువ్వు నోరెత్తాకు" అన్నాడు.

పండగనాడు, పొట్టేలు కూర ఉడుకుతుండగా, ఏటేటా లాగే తాత చుట్టాల ముందుకు తన కత్తి తెప్పించుకున్నాడు. పిడి తడిమిన వేళ్ళు ఆగిపోయాయి. పొరలు కమ్మిన కళ్ళు నా వెక్కిళ్ళ వైపు తిరిగాయి. కత్తిని ఒరలో పెట్టి తలకిందులు చేశాడు. జారలేదు. పక్కనే కూర్చున్న నాకు మాత్రం పిడిని ఒత్తిపట్టిన ఆయన బొటనవేలు కనిపించింది.

"నాదే" అన్నాడు.

ఆ తర్వాత ఎవరు కత్తి తెచ్చినా ముట్టలేదు. "చూపు పోయినాది, చెప్పలేనబ్బా" అని పంపేసేవాడు. ఆ పరీక్షకు కళ్ళతో పనే లేదు. నా కోసం ఆడిన ఒక్క అబద్ధానికి తన మాటను తానే చెల్లకుండా చేసుకున్నాడు, నేనేమో ఆయన మట్టిలోకి పోయినా ఒప్పుకోలేదు. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

హైదరాబాదు ఆయన కూడా ఒరను తలకిందులు చేశాడు. కత్తి జారి గచ్చు మీద పడింది.

"ఒర అసలుదే మేడం, కత్తి డూప్లికేట్. మీవాళ్ళకు తెలిసుండదు."

కత్తి పడిన ఆ గని గుంత పూడిపోయింది. పలక మీద దిద్దే పిల్లలు లేరు, తొక్కుడుబిళ్ళ ఆడేవాళ్ళూ లేరు. కత్తి కింద పడిందని ఏడ్చిన మరియమ్మవ్వ లేదు, నాయనా లేడు.

"మా తాతకు తెలుసండీ" అన్నాను. "అసలుది పోగొట్టింది నేనే."

నలభై ఏళ్ళకు పైగా దాచిన ఆ మాట, ముక్కూ మొహం తెలియని ఆయనకు చెప్పాను.