మోరీలో చెప్పులు

శామీర్‌పేట నుంచి మేడ్చల్ వెళ్లే బస్సులో నా పక్కన ఒక ముసలమ్మ కూర్చుంది. మండుటెండలో వట్టికాళ్లతో ఎక్కింది. "అవ్వా, చెప్పులేవీ?" అని అడిగాను.

"భూమి పాసుబుక్కుల నా పేరు తప్పు వడ్డదని ఆఫీసుకు పోయిన బిడ్డా. మోకాళ్లు గుంజుతున్నయని, అందరి లెక్కనే చెప్పులు లైన్ల పెట్టి నీడకు కూసున్న. పెద్దసారు కారు వస్తాందని అన్నీ ఊడ్చి మురికినీళ్ల మోరీల పారేసిండ్రు. ఇగ లైనే లేదు, రేపు రా పో అన్నరు."

కాలిన అరికాళ్లను కొంగుతో తుడుచుకుంటూ కోపంగా మళ్లీ అంది.

"గాడ చెప్పులకే దిక్కులేదు. నా భూమికేం దిక్కుంటది?"

మేడ్చల్‌లో దిగి, కాలుతున్న తారు మీద గబగబా వెళ్లిపోయింది.

ఇప్పటికీ ఏ ఆఫీసు గుమ్మంలోనైనా 'చెప్పులు బయట విడవండి' అన్న బోర్డు కనిపిస్తే నాకు ఒళ్లు మండుతుంది. విడవను. వేసుకునే లోపలికి వెళతాను.