మంచు తీసే ట్రాక్టరు

రంగూన్‌లో మంచు తీసే ట్రాక్టరు ఒకటి ఉండేదంటే ఎవరూ నమ్మరు. నమ్మించే ఓపిక నాకూ లేదు. కానీ దాన్ని బిగించింది మా నాన్న. దాని పుస్తకాన్ని ఇంగ్లీషులోంచి బర్మీస్‌లోకి దించింది నేను. అప్పటికి నాకు పంతొమ్మిదేళ్ళు. అన్నీ వచ్చనుకునే వయసు.

రంగూన్ రేవు పేట సేక్కాన్‌లో నది ఒడ్డున ఒక సర్కారు గోదాము, దానికి ఆనుకుని రేకుల వర్క్‌షాపు ఉండేవి. నాన్న అందులో ఫిట్టరు. మా తాత విశాఖ వైపు నుంచి వచ్చి ఈ రేవులోనే బస్తాలు మోశాడు. మా ఇంట్లో మొదట స్పానర్ పట్టింది నాన్నే. గోదాము వెనక లైనులో మాకు ఒక గది ఇచ్చారు. ఉద్యోగం పోతే గది కూడా పోతుంది. రిటైరవడానికి ఇంకా రెండేళ్ళు చిల్లర ఉంది. ఆ రెండేళ్ళు ఎలాగోలా దాటితే చాలని నాన్న ఆదివారం చర్చిలో ఒక్కటే ప్రార్థన చేసేవాడు. వేరే ఏమీ అడిగేవాడు కాదు.

దేశం తలుపులు మూసుకుని కూర్చున్న రోజులవి. బయటి నుంచి మేకు కూడా వచ్చేది కాదు. అలాంటిది, ఎప్పుడో ఏదో చలిదేశం వాళ్ళు దానంగా పంపారట, గోదాములో ఒక చిన్న ట్రాక్టరు ఉండేది. దున్నపోతు కంటే కాస్త పెద్దది, అంతే. సరుకు బళ్ళు లాగడానికి వాడేవారు. దానితోపాటు వచ్చిన మూడు పెట్టెలు మాత్రం ఎవరూ తెరవక మూలన పడి ఉండేవి. చెక్కంతా చెదలు తినేసి లోపలి ఇనుము బయటపడింది. ముందు తగిలించే వంపు రేకు ఒకటి, వెనక తగిలించే విసురుడు యంత్రం ఒకటి, చక్రాలకు చుట్టే గొలుసులు. వాటి మధ్య ప్లాస్టిక్ సంచిలో ఒక ఇంగ్లీషు పుస్తకం.

ఎనభై ఎనిమిదిలో ఎండలు ముదిరేసరికి, విద్యార్థుల గొడవలని కాలేజీలు మూసేశారు. నేను ఇంట్లో కూర్చుని గోడలు చూస్తున్నాను. సరుకు లెక్కపెడుతుండగా ఆ పుస్తకం గోదాము ఆఫీసరు కంటపడింది. నాన్నని పిలిచి, "ఊలే, మీ అమ్మాయికి ఇంగ్లీషు వచ్చుగా?" అన్నాడట. వయసులో పెద్దవాళ్ళని బర్మీస్‌లో అలా పిలుస్తారు, మనం బాబాయ్ అన్నట్టు. మర్యాదగా పిలిచాడు కాబట్టి పని తప్పదని నాన్నకు అర్థమైంది.

పదకొండు రోజులు కూర్చుని రాశాను. నా దస్తూరీ బాగుంటుందని అందరూ అనేవారు. నాకూ తెలుసు. మొదటి పేజీలో జాగ్రత్తలు ఉన్నాయి. "యంత్రాన్ని ఒక్క మనిషే నడపాలి. రెండో మనిషి అవసరం లేదు, దగ్గర ఉండకూడదు." దీన్ని బర్మీస్‌లో ఎంత నున్నగా దించానంటే, నాన్నకీ, ఆ రోజు ఇంటికొచ్చిన మావకీ చదివి వినిపించుకున్నాను. మావ అంటే చుట్టం కాదు. నాన్నతోపాటు ఇరవయ్యేళ్ళుగా పనిచేస్తున్న రెండో ఫిట్టరు. నది అవతలి తన్లిన్ నుంచి వచ్చేవాడు. అప్పటికి వంతెన లేదు, లాంచీలో దాటి రావాలి. వాళ్ళు హిందువులు, మేం బాప్టిస్టులం. అయినా క్రిస్మస్ కేకులో మొదటి ముక్క ఆయనదే.

మావ విని నవ్వాడు. "అయితే నన్ను దగ్గరకి రావద్దంటావేటి, గుంటా?" అన్నాడు.

"పుస్తకం అంటోంది మావా, నేను కాదు" అన్నాను.

తప్పు రాసింది ఆ పేజీలో కాదు, అట్ట మీద. ఇంగ్లీషులో ఉన్న మాట స్నో. మన తెలుగులో చూడండి, పొద్దున్నే నది మీద కమ్ముకునేదీ మంచే, గడ్డి మీద తడిగా ఉండేదీ మంచే, కొండల మీద గడ్డకట్టేదీ మంచే. చర్చిలో హిమము అంటాం గానీ ఇంట్లో ఎవరంటారు? బర్మీస్ కూడా ఈ విషయంలో మనకి అక్కాచెల్లెలే. హ్నిన్ అంటే అన్నీ వస్తాయి. దాని వెనక "గె" అని ఒక్క ముక్క తగిలించి హ్నిన్‌గె అని రాసి ఉంటే గడ్డకట్టిన మంచని తెలిసేది. నేను తగిలించలేదు. తెలియక కాదు, బద్ధకం. తెలుగులో ఆలోచించేదానికి మంచు అంటే సరిపోయింది, హ్నిన్ అని రాసేశాను. అట్ట మీద బొమ్మ ఉందిగా, చూసుకుంటారులే అనుకున్నాను.

ఆ బొమ్మే కొంప ముంచింది. నలుపు తెలుపు బొమ్మ, పైగా తేమకు మాసిపోయింది. ట్రాక్టరు వెనక గొట్టంలోంచి తెల్లగా ఏదో పైకి ఎగజిమ్ముతోంది. చలికాలంలో పొద్దుటి మంచు వల్ల పడవలు ఆలస్యమవుతున్నాయని పైనుంచి అప్పటికే రెండు కాగితాలు వచ్చి ఉన్నాయి. ఆఫీసరు నా నోటుపుస్తకం చదివాడు, బొమ్మ చూశాడు, సంబరపడిపోయాడు. వచ్చే చలికాలానికి మన రేవులో మంచు ఉండదని పైకి కాగితం పంపేశాడు.

ఆ సాయంత్రం నాన్న ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా అడిగాడు. "ఏటమ్మా, ఇది ఏ మంచు?"

"గడ్డకట్టిన మంచు నాన్నా. అక్కడ నేల మీద మోకాటి లోతు పడుతుంది. దాన్ని తవ్వి అవతలికి విసిరేది ఈ యంత్రం." "రేపు దిద్దేసి ఇస్తాను."

నాన్న అప్పుడు చెప్పులు విప్పి గోడ వారన పెట్టాడు. "దిద్దకమ్మా. కాయితం పైకి ఎల్లిపోనాది. ఇప్పుడు దిద్దితే ఆయన పరువు పోతాది. ఆయన పరువు కంటే ముందు నా ఉద్దోగం పోతాది. బిగించమన్నారు, బిగిస్తాను."

వానాకాలమంతా నాన్న, మావ కలిసి ఆ పనికిమాలిన పని చేశారు. నిజం మావకు కూడా చెప్పాం. ఆయన కడుపు పట్టుకుని నవ్వాడు గానీ చేసిన పనిలో మాత్రం వెంట్రుకవాసి తేడా రానివ్వలేదు. ముందు రేకుకి బిగింపులు లేవు. పాత లారీ చట్రం కోసి తయారుచేశారు. రేకుని పైకి లేపే నూనె గొట్టాలు ఎండి పగిలిపోయి ఉంటే, పబేడాన్ బజారు సందుల్లో తిరిగి లారీ బ్రేకు గొట్టాలు పట్టుకొచ్చి అతికారు. ఇంజను తిప్పే బలాన్ని వెనక యంత్రానికి అందించే ఇరుసు జానెడు పొట్టిదైంది. దానికి పైపు ముక్క వెల్డింగు చేశారు. వెల్డింగు పుల్లలు దొరకడమే గగనం, చివరి అంగుళం వరకూ వాడేవారు.

ఆ ఇరుసులో ఒక బోల్టు ఉంటుంది. మెత్తటి ఇనుముతో చేయాలని పుస్తకం చెప్పింది. యంత్రానికి రాయి అడ్డుపడితే ముందు ఆ బోల్టు విరిగిపోతుంది, ఖరీదైన గేర్లు బతుకుతాయి. అది మావకి తెగ నచ్చింది. "ఇరగడానికే పుట్టిన బోల్టురా ఇది" అని నలభై దాకా కోసి డబ్బాలో పోసి పెట్టాడు.

ఆగస్టు వచ్చింది. సర్కారు దిగిపోవాలంటూ ఊరంతా రోడ్ల మీదే ఉంది. ఒక రోజు వర్క్‌షాపు మొత్తం పనిముట్లు కింద పెట్టి ఊరేగింపులో కలిసింది. నేను పబేడాన్‌లో ఒక దుకాణం ముందు ఆడవాళ్ళతో కలిసి మంచినీళ్ళు పోస్తున్నాను. నాన్న, మావ పక్కపక్కనే నడుస్తూ వచ్చారు. మావ గొంతు చించుకుని అరుస్తున్నాడు. నాన్న చర్చిలో పాట పాడేటప్పటిలాగా పెదాలు కదుపుతున్నాడు. నా చేతి గ్లాసులో ఇద్దరూ చెరి సగం తాగారు. అంత సంతోషంగా నాన్నని నేను మళ్ళీ చూడలేదు.

సెప్టెంబరులో సైన్యం దిగింది. కాల్పులు ఆగాక అందరినీ పనిలోకి రమ్మన్నారు. ఒక్కొక్కరికీ ఒక ఫారం ఇచ్చారు. ఫలానా రోజుల్లో ఎక్కడున్నావు, ఎవరు సాక్షి. ఊరేగింపులో నడిచినవాళ్ళని తీసేస్తున్నారు. గదిలోని సామాను వంక అమ్మ లెక్కపెడుతున్నట్టు చూసేది.

నాన్నని ఆఫీసరు పిలిచాడు. చలికాలం ముంచుకొస్తోంది, ట్రాక్టరు గురించి ఆయన సంతకం పెట్టిన కాగితం పైవాళ్ళ దగ్గర ఉంది. "ఊలే, ఆగస్టంతా నువ్వు షెడ్డులోనే ఉండి ఈ మెషీను బిగిస్తున్నావు. నేను అలాగే రాస్తాను. చలికాలంలో నువ్వు మంచు తియ్యాలి" అన్నాడు.

నాన్న ఇంటికొచ్చి మంచం మీద కూర్చుని తన పేరు నిలిచిందని చెప్పాడు. అమ్మ ఏడ్చేసింది. మావ సంగతేమిటని నేను అడిగితే, "ఆడి పేరు నేదు" అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

డిసెంబరులో ఒక పొద్దున యంత్రాన్ని పరీక్షించారు. నది కనపడటం లేదు. అవతలి ఒడ్డు లాంచీలు కూతలు పెడుతున్నాయి గానీ కదలడం లేదు. ఆఫీసరుతోపాటు యూనిఫారంలో ఇద్దరు వచ్చి గట్టు మీద నిలబడ్డారు. నేను టీ ఫ్లాస్కు పట్టుకుని కంచె పక్కన ఉన్నాను. నాన్న ఉన్ని టోపీ పెట్టుకుని ట్రాక్టరెక్కి గొట్టాన్ని నది వైపు తిప్పాడు. యంత్రం ఊరంతా వినపడేలా అరిచింది. గొట్టం ముందు బారెడు మేర మంచు చెదిరింది, మళ్ళీ వచ్చి కూర్చుంది. గంట గడిచింది. ఆ తర్వాత సూర్యుడొచ్చాడు, రోజూ వచ్చినట్టే. మంచు రోజూ పోయినట్టే పోయింది. ఆఫీసరు వాచీ చూసుకుని కాగితం మీద ఏదో రాసుకున్నాడు. యూనిఫారంలో ఉన్న ఇద్దరిలో పెద్దాయన నాన్న ముఖంలోకి ఒక్కసారి చూసి జీపెక్కాడు.

అప్పటి నుంచి రెండు చలికాలాలు నాన్న ఉద్యోగం అదే. ఆరింటికల్లా వెళ్ళి ఆ యంత్రం తిప్పడం, ఎండ వచ్చాక ఆపడం. ముఖాన డీజిలు పొగ, వీపున చలి, దగ్గు. ఇంటికొచ్చాక కూడా చేతులు వణుకుతూ ఉండేవి, ఇంజను ఇంకా నడుస్తున్నట్టు. మావ కోసిన బోల్టుల్లో ఒక్కటీ విరగలేదు. గాలికి ఏ బోల్టు విరుగుతుంది? నాకు ఆ చప్పుడు వింటే కోపం వచ్చేది. ఆఫీసరు మీద, దేశం మీద, ఎక్కువగా నా మీద. కోపం కూడా రోజూ పడితే అలిసిపోతుంది. రెండో ఏడాదికి అది కూడా పోయింది.

నాన్న రిటైరైన వారం మావ ఇంటికొచ్చాడు. చాలా రోజుల తర్వాత రావడం. తన్లిన్‌లో నీళ్ళ పంపులు బాగుచేసుకుని బతుకుతున్నాడు, బాగా చిక్కిపోయాడు. సంచిలో తెచ్చిన ఎండుచేపలు అమ్మకిచ్చాడు. భోజనం చేశాక, చెయ్యి కడుక్కుంటూ, నవ్వు ముఖంతోనే నాన్నని అడిగాడు.

"ఒరే, ఆ మెషీనుకి ఇద్దరు కావాలని ఒక్క ముక్క సెప్పలేకపోయినావేటిరా?"

నాన్న తల వంచుకుని కంచంలో మెతుకులు ఏరాడు. మావ అడగనట్టే మాట మార్చి, చివరి లాంచీ వేళకి లేచి వెళ్ళిపోయాడు.

ఆయన వెళ్ళాక నాకు కోపం ఆగలేదు. "ఇరవయ్యేళ్ళు మీ పక్కన పనిచేసిన మనిషి నాన్నా! ఒక్క మాట అడగలేకపోయారా?" అన్నాను.

నాన్న లేచి ట్రంకు పెట్టె అడుగు నుంచి నా నోటుపుస్తకం తీశాడు. రిటైరైన రోజున అడిగి తెచ్చుకున్నాడట. మొదటి పేజీ తెరిచి నా చేతిలో పెట్టాడు. ఒక వాక్యం కింద ఆఫీసరు నీలం పెన్సిలుతో కొట్టిన రెండు గీతలు ఉన్నాయి.

"అడిగినానమ్మా. ఇద్దరం కావాలనే సెప్పినాను. ఆయన ఇది తీసి సూపించాడు."

"మరి ఇప్పుడు మావకి ఆ సంగతి చెప్పొచ్చుగా?"

"ఎలగ సెప్తాను? రాసింది నువ్వని ఆడికి తెలుసు."

ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. మావ పోయి చాలా ఏళ్ళయింది, నాన్న అడగలేదనే అనుకుని పోయాడు. అప్పుడప్పుడు ఆ పేజీ తెరిచి చూస్తాను. ఒక్క మనిషే నడపాలి, రెండో మనిషి అవసరం లేదు. ఒక్క అక్షరం తప్పు లేదు. దస్తూరీ ముత్యాల్లా ఉంది.