సవిత పరీక్షకి మా టవరంతా కిందికి దిగింది

నిన్న ఏమైందో చెబుతాను గానీ, మా ఆయన ముందు మాత్రం ఈ సంగతి ఎత్తకండి. దణ్ణం పెడతాను!

మీకు తెలుసుగా, నోయిడాలో మా ఫ్లాట్‌లోనే ఆడవాళ్లకు ఇంగ్లీషూ, లెక్కలూ చెబుతుంటాను. పెద్ద చదువేం కాదు. మందు సీసా మీద రాసింది చదవడం, బస్సు టైము చూసుకోవడం, ఫోన్లో పని చక్కబెట్టుకోవడం, అంతే. వాళ్లలో మా సవిత లెక్కల్లో ఎలాగో గట్టెక్కింది. ఇక ఇంగ్లీషు మాట్లాడే పరీక్ష మిగిలింది. అది పాసైతేనే ప్లేస్కూల్లో ఉద్యోగం! పాపం తనకి వారం నుంచి నిద్ర లేదు, నాకూ లేదు.

పరీక్ష ఏంటంటే, ఇంట్లో గ్యాస్ లీకవుతోందని ఇంటర్‌కమ్‌లో ఇంగ్లీషులో చెప్పాలి. సవిత మా వంటింట్లోంచి ఎదురు ఫ్లాట్‌కి ఫోన్ చేయాలి. అక్కడ మల్హోత్రా ఆంటీ సోఫాలో నేనూ, ప్లేస్కూల్ నుంచి మార్కులు వేయడానికొచ్చిన రీతూ మేడమూ కూర్చున్నాం. హిందీ ముక్క దొర్లిందా, మార్కులు గోవిందా అని సవితని ముందే బెదిరించి వచ్చాను.

ఎంతసేపటికీ ఫోను రాదే! "భయపడినట్టుంది" అంది రీతూ మేడం. అయిపోయింది, ఉద్యోగం పోయినట్టే అనుకున్నాను.

అంతలో సైరన్! మైకులో "గ్యాస్ లీక్! సబ్ లోగ్ నీచే ఆ జాయియే!" అని, అందరూ కిందికి దిగండని ఒకటే అరుపు. నేను సోఫాలోంచి లేచేసరికి రీతూ మేడం అప్పటికే మెట్ల మీద ఉంది, చెప్పుల్లేకుండా! మల్హోత్రా ఆంటీ చంకలో ఆవకాయ జాడీ, నేనిచ్చిందే! ఎదురుగా మా తలుపు తోసుకుని సవిత. "దీదీ, భాగియే! నిజంగానే లీకైపోయింది!"

ఎలా దిగామో ఆ దేవుడికే తెలియాలి. కింద గార్డుల సూపర్‌వైజర్ నా దగ్గరికొచ్చాడు. "మేడం, ఆప్ కే ఫ్లాట్ సే ఫోన్ ఆయా థా."

మా ఫ్లాట్ నుంచా! పప్పు స్టవ్ మీద వదిలేసి వచ్చానా?

"ఎవరు చేశారు భయ్యా?"

"ఏక్ లేడీ. పూరా ఇంగ్లిష్ మే. లోపలెవరైనా ఉన్నారా అని అడిగితే, నో వన్ ఇన్‌సైడ్, కమ్ ఫాస్ట్ అంది."

నేను సవిత వైపు తిరిగాను. తను ఆయాసపడుతూనే మురిసిపోతోంది. "దీదీ, పరీక్షకి గార్డ్ భయ్యాని కూడా పెట్టారా? ఎన్ని ప్రశ్నలడిగాడో! నేను హిందీలో ఒక్క ముక్క మాట్లాడలేదు!"

ఇంకేముంది! ఏదైనా అయితే ఇంటర్‌కమ్‌లో ముందు గేటుకి కొట్టు, గేటుకి కొట్టు అని ఇన్నాళ్లూ నూరిపోసింది నేనే. నిన్న ఒక్కరోజు ఎదురింటికి చేయమంటే, కంగారులో వేలు అలవాటైన బటన్ మీదికే పోయింది. తన ఫోనుకి మోగిన సైరన్‌కి తనే పరుగు, నేర్పిన నేనూ పరుగు, మార్కులు వేసే ఆవిడా పరుగు! సంగతి తెలిసేసరికి సవిత కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఫెయిలేనా మేడం?"

రీతూ మేడం కాలే గచ్చు మీద కాళ్లు మార్చి మార్చి వేస్తూ చుట్టూ చూసింది. నైటీల్లో ఆడవాళ్లు, సగం గడ్డం గీసుకున్న అంకుల్స్. "చెప్పింది అవతలివాళ్లకి అర్థమైందా లేదా అన్నదే నేను చూడాలి. ఇంతమందికి అర్థమైంది. పాస్!"

సవిత నన్ను వాటేసుకుంది. ఆనందం పట్టలేక నేనూ ఏడ్చేశాను.

అప్పుడు పైనుంచి కేక. "శారదా! కరెంటు తీసేశారేంటే?"

తలెత్తి చూద్దును కదా, బాల్కనీలో లుంగీతో మా ఆయన! శనివారం కదా, లోపలి గదిలో పడుకున్నారు. సైరన్‌కి లేవని మనిషి, గ్యాస్ భయంతో గార్డులు కరెంటు తీసేసి ఫ్యాను ఆగేసరికి లేచారు!

సూపర్‌వైజర్ నా వైపు అదోలా చూశాడు. "నో వన్ ఇన్‌సైడ్, మేడం?"

ఆ ముక్క సవిత చేత బట్టీ పట్టించింది నేనేనండీ!

ఇవాళ పొద్దున స్టవ్ ఇలా వెలిగించానో లేదో, హాల్లోంచి మా ఆయన గొంతు, చక్కని ఇంగ్లీషులో. "వన్ పర్సన్ ఇన్‌సైడ్, ప్లీజ్ నోట్!"