గీత కింద ఒంటి చుక్క

దేవునికి స్తోత్రం. ఆ రాత్రి నన్ను కాపాడిన ఆయన నామానికి మహిమ. ఇది కల్పించి చెప్తున్నది కాదు. నా కళ్లతో చూశాను. ఏం చూశానో మాత్రం ఇప్పటికీ తెలియదు.

పోయిన నెల మాట. మదనపల్లెలో మా హాస్టల్ గది. మర్నాడు పొద్దున్నే కుప్పంలో రైతుల సమావేశం. పుంగనూరు చుట్టుపక్కల పల్లెల్లో ఆవులకు కొత్త దాణా పెట్టించి, పాలు కొలిచి రాసుకొచ్చింది నేనే. ఆ అంకెలు కంప్యూటర్‌లో వేసి స్కాటర్ ప్లాట్ అనే చుక్కల పటం గీయాలి. కష్టమేమీ కాదు. అడ్డంగా దాణా, నిలువుగా పాలు. ఒక్కో ఆవుకు ఒక్కో చుక్క. చుక్కలన్నీ ఒకే గీత వెంట వరుసగా పైకి పోతున్నాయి... ఒక్కటి తప్ప. కుడివైపు, అడుగున, ఒంటరిగా. దాణా ఎక్కువ, పాలు తక్కువ.

అది సోమల దగ్గరి మునెప్ప ఆవు. దాని మెడ గంటలో నాలుక ఊడిపోతే ఆయన బోల్టు కట్టాడు. నడిస్తే గణగణ అనదు. టక్... టక్... అంటుంది.

"ఈ దాణా పెట్టినప్పట్నించి పాలు ఇంకిపోతాండాయమ్మా," అన్నాడు, కొలవడానికి పోయినప్పుడు. "ఏంటికో సూడు. నా ఆవును గూడా రాసుకో."

రాసుకున్నాను. ఇప్పుడు పటంలో ఆ చుక్క చూసి, నాకీ పని అప్పజెప్పిన మా సారుకు ఫోన్‌లో చెప్పాను.

"ఒక్క ఆవు కోసం గీతంతా చెడగొట్టుకుంటావామ్మా? తీసెయ్. రేపు ఆ పటం చూసే దాణా పంచాలా వద్దా తేలుస్తారు."

పట్టికలోంచి మునెప్ప ఆవు అంకెలు తీసేశాను. మళ్లీ గీయించాను.

చుక్క అక్కడే ఉంది.

పాత ఫైలు తెరిచానేమో అనుకున్నాను. వెతికాను... మునెప్ప పేరు లేదు. మళ్లీ గీయించాను. ఉంది. తెర మీద మరకేమోనని చున్నీతో తుడిచాను. పోలేదు. పటాన్ని పక్కకు జరిపాను... చుక్క కూడా దానితోపాటే జరిగింది.

అప్పుడు వినిపించింది.

టక్...

వరండాలో. మాది మూడో అంతస్తు.

టక్... టక్... మా తలుపు దగ్గర ఆగింది. కింద సందులోంచి ఊపిరి... వెచ్చగా. తడిసిన దాణా వాసన.

పక్క మంచం మీద సుజాతను తట్టాను. "విను... ఆవు గంట."

"ఇన్ని మెట్లెక్కి యాడొస్తాదే ఆవు? వచ్చుంటే గలాసు పట్టు, టీ పెట్టుకుందాం," అని ముసుగు లాక్కుంది.

మోకరించాను. అంతకుముందు ఆదివారమే సంఘంలో సాక్ష్యం చెప్పాను. మందను విడిచి, తప్పిపోయిన ఒక్క గొర్రె కోసం వెళ్లిన కాపరి గురించి... ఏడ్చి మరీ చెప్పాను. "ప్రభువా, రేపు ఆ చుక్క కనిపిస్తే అందరి ముందూ నిజం చెప్తాను," అన్నాను. చప్పుడు ఆగిపోయింది.

కుప్పంలో పెద్ద తెర మీద పటం పడింది. చుక్క లేదు. గీత శుభ్రంగా ఉంది.

నేను చెప్పలేదు. అందరూ చప్పట్లు కొట్టారు.

సాయంత్రం మునెప్ప ఫోన్ చేశాడు. "ఇంగ పాలు కొలిసేదానికి రాబాకమ్మా. రాత్రి ఆవు పలుపు తెంపుకోని పోయింది. యాడా కనపళ్లేదు."

వచ్చే వారం దాణా బస్తాలు పల్లెలకు పోతాయి. సారుకు ఇంకా ఏమీ చెప్పలేదు. తలుపు దాకా వచ్చింది ఏమిటో... నన్ను భయపెట్టడానికి వచ్చిందో, అడగడానికి వచ్చిందో... తెలియదు. ఇది చదువుతున్న చోటే ఒక్క నిమిషం కళ్లు మూసుకుని నాతోపాటు ప్రార్థించండి. ఆ ఆవు దొరకాలని. బస్తాలు బయల్దేరేలోపు నా నోరు తెరుచుకోవాలని.