నవ్వు ఎవరి మీద పడింది

నల్లగండ్లలో ఒక మిత్రుడి ఇంటికి వెళ్ళినప్పుడల్లా ఆ అపార్ట్‌మెంటు లిఫ్టులో ఒక ఆడగొంతు పలుకుతుంది. తలుపులు మూసుకుంటున్నాయని, దయచేసి గమనించమని చెబుతుంది. ఆ గొంతుకు ఊరు లేదు, వయసు లేదు, ఆకలి లేదు. మొన్న దాన్ని వింటూ నాలుగో అంతస్తుకు వెళ్తుంటే ఒంట్లో పాత చికాకు ఒకటి లేచింది. ఇలాంటి గొంతును వెక్కిరిస్తూ పలికిన మనిషి గుర్తొచ్చింది. ఆమె మార్తమ్మ టీచర్. మీలో ఎవరూ ఆమెను చూసి ఉండరు. ఆమె పేరు ఏ పత్రికలోనూ రాలేదు. కానీ నా తర్కంలో ఏమైనా పదును ఉందంటే దాన్ని సాన పట్టింది ఆమే.

తొంభైల చివర్లో నేను మాదాపూర్‌లో కొత్తగా లేచిన ఒక అద్దాల భవనంలో పనిచేసేవాణ్ణి. బండరాళ్ళను పేల్చి కట్టిన భవనం అది. గోపన్‌పల్లిలో మా ఇంటి నుంచి సైకిల్ మీద వెళ్ళేవాణ్ణి. మా పనల్లా చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఎక్కడో సముద్రాల అవతల డాక్టర్లు రోగుల గురించి రికార్డు చేసి పంపిన మాటలను విని టైపు చేయడం. ఆ డాక్టర్లలో కొందరు నోట్లో ఏదో నములుతూ చెప్పేవారు, కొందరు ఆవలిస్తూ చెప్పేవారు. అర్థం కాకపోతే తప్పు మాదే. వెనక్కి తిప్పి మళ్ళీ మళ్ళీ వినేవాళ్ళం. అదే గదిలో ఎవరైనా పొరపాటున "ఏంది" అంటే పక్కవాళ్ళు తల తిప్పి నవ్వేవారు. అందుకే నేను ఆఫీసులో "ఏమిటండీ" అనేవాణ్ణి. అది తప్పని నాకెప్పుడూ తోచలేదు. చొక్కా మార్చుకున్నట్టు మాట మార్చుకునేవాణ్ణి.

మార్తమ్మ టీచర్ నాకు ఒక చర్చాసభలో పరిచయమయ్యారు. హేతువాద మిత్రులం కొందరం నెలకొకసారి ఒక గ్రంథాలయంలో కలిసేవాళ్ళం. ఆ రోజు నేను మడి, మైల, అంటు గురించి నిప్పులు కురిపించాను. నీటికి కులం ఉంటుందా, గుడ్డకు పాపం అంటుతుందా అని అడిగాను. చప్పట్లు బాగానే పడ్డాయి. కిందికి దిగుతుంటే మెట్ల దగ్గర ఒక పొట్టి ఆవిడ నన్ను ఆపారు. నేత చీర, చేతిలో గొడుగు.

"ఏమయ్యా, ఏ ఊరు మీది?"

"ఇక్కడేనండి, గోపన్‌పల్లి."

"గోపన్‌పల్లిలో ఇలాగే మాట్లాడుకుంటారా?"

నేను నవ్వేసి, సభ కదండీ అన్నాను.

"మడి మీద ఇంత విరుచుకుపడ్డావు. మరి నీ నాలుకకు మడి కట్టుకొచ్చావేం?" అని గొడుగు విప్పుకుని వెళ్ళిపోయారు. వారం రోజులు ఆ మాట పంటి సందున ఇరుక్కున్న పీచులా వేధించింది. తర్వాతి ఆదివారం ఆమె చిరునామా కనుక్కుని బోరబండ వెళ్ళాను.

ఆమె అక్కడ ఒక మిషన్ స్కూల్లో తెలుగు చెప్పేవారు. కృష్ణా తీరం నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. మాటకు ముందొక "అండి", వెనకొక "అండి". ఆదివారం ప్రార్థన అయిపోయాక బడి హాల్లో నాటికలు ఆడించేవారు. ఆమె మంచి మనిషి అని చెప్పను. కోపిష్టి. ఆలస్యంగా వస్తే తిట్టేవారు, ముందుగా వస్తే బెంచీలు మోయించేవారు. నచ్చని నటుణ్ణి మధ్యలో ఆపి, "నువ్వు టీ తెచ్చిపెట్టు నాయనా, సమాజానికి ఆ మేలు చాలు" అనేవారు.

అప్పుడామె కొత్త నాటిక రాస్తున్నారు. ఒక కంపెనీ గుమ్మానికి మాట్లాడే యంత్రం బిగిస్తారు. శుభ్రమైన భాష మాట్లాడిన వాళ్ళకే తలుపు తెరుచుకుంటుంది. మిగతావాళ్ళు వెనక సందులోంచి రావాలి. ఆ యంత్రాన్ని తెచ్చి పెట్టిన మేనేజరు స్థానికుడే, తన ఊరి మాటను దాచుకుని ఆ కుర్చీ దాకా వచ్చినవాడు. చివర్లో మంటలు అంటుకుంటాయి. ప్రాణభయంలో వాడి సొంత మాట బయటపడుతుంది. యంత్రం వాణ్ణి బయటికి పోనివ్వదు. ఆ మేనేజరు వేషం నాకిచ్చారు.

మన తెలుగు నాటకాలు చూసినవాళ్ళకు ఒక అలవాటు తెలిసే ఉంటుంది. తెర లేవగానే తెలంగాణ మాట వినబడితే వాడు పనివాడో, రౌడీయో, తాగుబోతో అని జనం ముందే తీర్మానించుకుంటారు. హీరో, జడ్జి, డాక్టరు మాత్రం కోస్తా తెలుగు మాట్లాడతారు. ఎవరూ రాయని శాసనం ఇది. టీచర్ ఒకసారి చెప్పారు: "మా తాత తాకితే బావి మైలపడుతుందన్నారండి. ఆ బావులు పూడ్చేశాం అనుకుంటున్నారు. స్టేజీ మీద మళ్ళీ తవ్వుతున్నారు."

మొదటి ప్రదర్శన శేరిలింగంపల్లిలో, ఒక నాటిక పోటీలో. పాలు పోసే మా నాన్న కూడా వచ్చి వెనక బెంచీ మీద కూర్చున్నాడు. చివరి ఘట్టంలో తలుపు మీద కొడుతూ నేను అరిచాను: "తలుపు తియ్యుండ్రి. నేను ఈడనే పుట్టిన. గీ బండల మీదనే ఆడుకున్న. నన్నెందుకు ఆపుతున్నరు?"

హాలు పగలబడి నవ్వింది. "ఈడనే" అనగానే ఒకసారి, "గీ బండల" అనగానే మరోసారి. మంటల్లో చావబోతున్న మనిషిని చూసి ఈలలు వేశారు. బహుమతుల సమయంలో నాకు ఉత్తమ హాస్యనటుడి షీల్డు ఇచ్చారు. న్యాయనిర్ణేత నా భుజం తట్టి, "యాస భలే పట్టావయ్యా, ఎక్కడ నేర్చుకున్నావు?" అన్నాడు.

ఇంటి దగ్గర నాన్న పాల క్యాన్లు కడుగుతూ అడిగాడు.

"నా లెక్కనే మాట్లాడినవ్ గదరా."

"అవు నాయినా."

"మరి ఆళ్ళు ఎందుకు నవ్విండ్రు?"

నేను ఏదో చెప్పబోయాను. ఆయన క్యాను బోర్లించి, "నేను పాలు పోస్తుంటే గూడ లోపల గట్లనే నవ్వుకుంటరేమో" అన్నాడు. కోపంగా కాదు. వానొస్తుందేమో అన్నంత మామూలుగా అన్నాడు.

ఆ మాట టీచర్‌కు చెప్పాను. ఆమె కిటికీ చువ్వలు పట్టుకున్నారు. "మీ నాన్నగారిని వెక్కిరించడానికి నేను నాటకం రాశానన్నమాట. ఇంకొక్కసారి ఆడతాం. అప్పుడూ నవ్వు ఆ మాట మీదే పడితే ఈ నాటిక చింపేస్తాను, మళ్ళీ స్టేజీ ఎక్కను" అన్నారు. ఆమెకు ఊరికే బెదిరించే అలవాటు లేదని మా అందరికీ తెలుసు.

ఆ ఇంకొక్కసారి మా కంపెనీ వార్షికోత్సవంలో దొరికింది. పర్సనెల్ మేనేజరు నన్ను పిలిచి, "ఏదో కామెడీ ఐటమ్‌కి ప్రైజు కొట్టావట, మనవాళ్ళకీ వెయ్యి" అన్నాడు. టీచర్ ఒప్పుకున్నారు. ఒక్క మాటా మార్చలేదు. రెండు పనులు మాత్రం చేశారు. యంత్రం గొంతును తానే తీసుకున్నారు. తన ఇంటి భాషనే పిండి, సాగదీసి, అందులోని మర్యాదనంతా పాకంలా కారేట్టు చేశారు. "తమరి పలుకు మాకు బోధపడలేదండి. దయచేసి కాస్త నాజూకుగా కాలిపోగలరా అండి" అని ఆమె అంటుంటే రిహార్సల్లో మేమే ఆపుకోలేకపోయాం.

"మీ భాషను మీరే ఇంత ఆడిపోసుకుంటారేం టీచర్?" అన్నాను.

"ఇన్నాళ్ళూ నవ్వంతా మీ వీధిలోనే తిరుగుతోంది. కాస్త మా వీధికీ రానీ."

రెండో పని నా మీద చేశారు. నేను ఆ చివరి మాటలు పలికినప్పుడల్లా ఆపేవారు. "యాస వేస్తున్నావు. నువ్వూ వాళ్ళలాగే బయట నిలబడి పలుకుతున్నావు. మీ ఇంట్లో మనిషి పోతే ఏ మాటలో ఏడుస్తారు? ఆ మాటలో చెప్పు." ఎన్నిసార్లు చెప్పించారో గుర్తులేదు. ఒక మధ్యాహ్నం విసుగెత్తి, గొంతు తగ్గించి, నాన్న అడిగినట్టు మామూలుగా అడిగాను. ఇక చాలని ఆమె అందరినీ ఇళ్ళకు పొమ్మన్నారు.

వార్షికోత్సవం రోజు ముందు వరుసల్లో అధికారులు, వెనక మా హెడ్‌ఫోన్ల జనం. అందులో సగం మంది నాలాంటివాళ్ళే. వరంగల్ మాటనో, పాలమూరు మాటనో గేటు దగ్గర దాచుకుని లోపలికి వచ్చేవాళ్ళు. యంత్రం పలికిన ప్రతిసారీ హాలు నవ్వింది. మంటల ఎరుపు వెలుగు పడింది. నేను తలుపు మీద చెయ్యి ఆనించి, అరవకుండా అడిగాను. "ఈడనే" అనగానే అలవాటుగా నవ్వు లేచింది. నేను ఆగాను. టీచర్ అలాగే చెప్పారు, వాళ్ళ నవ్వు వాళ్ళకే వినబడేదాకా కదలొద్దని. నవ్వు పలచబడింది. ముందు వరుసలో ఒకాయన ఒంటరిగా ఇంకాస్త నవ్వి, చుట్టూ చూసి, దగ్గుగా మార్చుకున్నాడు. మిగతా మాటలు నిశ్శబ్దంలో పలికాను. వెనక వరుసలో ఎవరో అమ్మాయి ముక్కు చీదుకోవడం వినబడింది.

తర్వాత పర్సనెల్ మేనేజరు తెర వెనక్కి వచ్చాడు. "బాగుందండీ, కానీ చివర్లో కామెడీ పడిపోయింది" అన్నాడు టీచర్‌తో. ఆమె రెండు చేతులూ జోడించి, "చాలా సంతోషమండి" అన్నారు. ఆయన వెళ్ళాక కుర్చీలో కూలబడి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. నాటిక బతికింది. ఆమె నన్ను మెచ్చుకుంటారని ఎదురుచూశాను. "సోమవారం ఆఫీసులో ఎలా మాట్లాడతావు?" అని మాత్రం అడిగారు.

సోమవారం నేను "ఏంది" అన్నాను. పక్కవాళ్ళు నవ్వారు. మంగళవారం మళ్ళీ అన్నాను. అక్కడితో యుద్ధం గెలిచానని రాస్తే అబద్ధం. ఏ సభకు పిలిచినా ఇప్పుడు నాన్న మాటతోనే మొదలుపెడతాను, జనం నవ్వితే ఆగుతాను. కొన్నిచోట్ల నవ్వు త్వరగా చస్తుంది, కొన్నిచోట్ల చావదు. నవ్వు వినబడిన ప్రతిచోటా అది ఎవరి మీద పడుతోందో వెతకడం మాత్రం నాకు జబ్బులా అంటుకుంది. పెళ్ళి విందుల్లో, సినిమా హాళ్ళలో, హేతువాద మిత్రుల మధ్య కూడా. దానివల్ల స్నేహాలు తగ్గాయి, నిద్రా తగ్గింది.

మార్తమ్మ టీచర్ ఇప్పుడు లేరు. ఉంటే ఇది చదివి ఏమనేవారో నాకు తెలుసు. నేను చెప్పిందంతా అచ్చు పుస్తకాల తెలుగులో దర్జాగా నడిచింది. నాన్న మాటను మాత్రం కొటేషన్ గుర్తుల లోపలే ఉంచి, ఆయన్ను వాటి మధ్య నిలబెట్టాను. "తలుపు ఇంకా వేసే ఉంచావేం అబ్బాయ్?" అనేవారు.