సలాం చేసిన చేయి

మా అబ్బా మణుగూరు కాలనీల్లో క్వార్టర్లకు రంగులు వేసేవాడు. పని ముగించుకుని సైకిల్ మీద వస్తుంటే వెనక నుంచి లారీ గుద్దింది. కుడి భుజం నుజ్జయింది. దవాఖానాలో కట్టు విప్పాక ఆ చేయి రొమ్ము దాటి లేవడం మానేసింది. గోడకు కింది సగమే రంగు వేసే మనిషిని ఎవరు పిలుస్తారు? అందుకే లారీ బీమా కంపెనీ మీద కేసు వేశాం. ఈ చేయి ఇక పనికి రాదని కోర్టు నమ్మాలి. నమ్మించాల్సిన వాడు ఆపరేషన్ చేసిన ఎముకల డాక్టరు.

ఆ మహానుభావుడు వాయిదా మీద వాయిదా ఎగ్గొట్టి, చివరికి ఒకరోజు దయచేశాడు. ఆయన కోర్టు హాల్లోకి రాగానే అబ్బా లేచి నిలబడ్డాడు. మా ఇళ్లలో ఎడమ చేత్తో సలాం చేయడమంటే ఎదుటివాళ్లను అవమానించడమే. తనకు వైద్యం చేసిన పెద్దమనిషికి సలాం చేయకుండా ఉండటం అబ్బాకు ఇంకా పెద్ద తప్పు. ఎడమ అరచేతిని కుడి మోచేతి కింద పెట్టి, పళ్లు బిగబట్టి, ఆ చేతిని నుదుటిదాకా ఎత్తాడు. డాక్టరు తల ఊపి బోనెక్కాడు. బీమా కంపెనీ వకీలూ చూశాడు.

మా వకీలు అడిగితే, చేయి రొమ్ము దాకానే లేస్తుందని, రంగుల పని చేయలేడని డాక్టరు చెప్పాడు. అబ్బా నా వైపు చూసి చిన్నగా నవ్వాడు.

తర్వాత బీమా వకీలు లేచాడు.

"ఇందాక ఈయన మీకు సలాం చేసిండు కదా?"

"చేసిండు."

"కుడి చేయి నుదుటిదాకా లేచిందా?"

"లేచింది, కానీ ఇంకో చెయ్యి..."

"లేచిందా, లేదా? అంతవరకు చెప్పుండ్రి."

డాక్టరు గడియారం చూసుకున్నాడు. "లేచింది."

ఆ ఎడమ చేతిని ఆయన కళ్లారా చూశాడు. ఇంకొక్క వాక్యం చెబితే ఆయన సొమ్మేం పోయేది? మా వకీలు కూడా మళ్లీ అడిగేదేమీ లేదనేసి కూర్చున్నాడు. చదువుకున్నవాళ్లందరూ కలిసి చిటికెలో మా అబ్బా చేయి బాగు చేసేశారు.

బస్సులో నాకు ఒళ్లు మండిపోయింది. "ఇయ్యాల్నే సలాం చేయాల్నా అబ్బా?" అన్నాను.

"అంత పెద్దాయన వస్తే కూసోనుంటరా బేటీ?" అన్నాడు. ఆయనకు డాక్టరు మీద కోపమే రాలేదు. ఆ కోపమంతా నేనే పడ్డాను, ఇప్పటికీ పడుతున్నాను.

వైకల్యం స్వల్పమని, చేయి నుదుటిదాకా లేస్తుందని డాక్టరే ఒప్పుకున్నాడని తీర్పు వచ్చింది. ఇచ్చిన పరిహారంతో ఇల్లు గడిచే దారి లేదు. సంగతి కాలనీలో పాకింది. అబ్బాకు ఎప్పుడూ పని ఇచ్చే కాంట్రాక్టరు సంతోషంగా ఇంటికొచ్చాడు.

"చెయ్యి మంచిగనే ఉన్నదని కోర్టే చెప్పిందంట గదా. రేపట్నుంచి రా భాయ్."

అబ్బా కాదనలేకపోయాడు. పొద్దున్నే వెళ్లి నిచ్చెనెక్కాడు. బ్రష్ పట్టిన చేయి రొమ్ము దగ్గరే ఆగిపోయింది. రెండో చేత్తో ఎత్తుదామంటే నిచ్చెన పట్టుకోవడానికి ఆ ఒక్క చేయే ఉంది. మధ్యాహ్నానికల్లా కాంట్రాక్టరు ఆయన్ను ఇంటికి పంపించేశాడు.

"చెయ్యి లేవదని ముందే చెప్పొద్దా భాయ్?" అని కోప్పడ్డాడట.